స్టేషన్‌లో ఆరేసిన లంగా

పుట్టపర్తి కొత్త జిల్లాకు కేంద్రమైన మరుసటి ఏడు, వేసవి. ధర్మవరం చుట్టుపక్కల పట్టు మగ్గాలున్న ఒక ఊరి స్టేషన్‌లో నేను ఏఎస్ఐగా పనిచేస్తున్నాను. ఊరి పేరు చెప్పను. ఈ కేసులోని అమ్మాయి పేరు, ఆమె మనుషుల పేర్లు మార్చాను. అత్యాచార కేసుల్లో బాధితురాలెవరో బయటపెట్టకూడదని చట్టం అంటుంది. చట్టం అనకపోయినా నేను పెట్టను. మిగిలిందంతా ఉన్నదున్నట్టే చెబుతాను, ఎవరికి కోపమొచ్చినా సరే.

నాకు నోరు పెద్దదని డిపార్ట్‌మెంట్‌లో పేరు. ఆడ పోలీసు గొంతు కాస్త పెంచితే నోరు పెద్దదంటారు, అదే మగవాడు పెంచితే స్ట్రిక్ట్ ఆఫీసర్ అంటారు. కానిస్టేబుల్‌గా చేరినప్పటి నుంచీ వింటున్నదే కాబట్టి పట్టించుకోవడం మానేశాను.

ఆ రోజు పొద్దున్నే ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. చిన్నామె నాగవేణి, ఆమె వెంట అత్త ఓబులమ్మ. వాళ్లది కూలి మగ్గం. అంటే పట్టు షావుకారుది, నేత వీళ్లది. చీర నేసి ఇస్తే కూలి ఇస్తారు, మళ్లీ పట్టు ఇస్తారు. ముందురోజు మధ్యాహ్నం నాగవేణి పట్టు తెచ్చుకోవడానికి షావుకారు గోడౌన్‌కి వెళ్లింది. షావుకారు తమ్ముడు శ్రీధర్ ఒక్కడే ఉన్నాడు. తలుపు వేశాడు. ఆ తర్వాతి సంగతి ఆమె నాకొక్కదానికే, పక్క గదిలో చెప్పింది. నేను రాసుకున్నాను. ఆ మాటలు ఇక్కడ మళ్లీ చెప్పాల్సిన పని లేదు.

ఓబులమ్మ చేతిలో ఒక సంచి ఉంది. అందులో నాగవేణి కట్టుకున్న చీర, జాకెట్టు, లంగా ఉన్నాయి. మూడూ నీళ్లు పిండి చుట్టిపెట్టినట్టు ఇంకా తడిగా ఉన్నాయి.

"ఏంటికి తడిసినాయమ్మా?" అన్నాను.

"నీళ్లు పోసినాను మేడం," అంది ఓబులమ్మ. "ఆ యమ్మి వద్దు వద్దనింది. మగ్గమున్న ఇల్లు, మగ్గం మీద వార్పు, పడుగు దారాలు, ఎక్కించి ఉండాది. అట్లే ఎట్ల లోపలికి రానిచ్చేది? చావింటి నుంచి వచ్చినోళ్లకు పోసినట్ల, గుమ్మం బయటనే కట్టుబట్టల మీద పోసినాను. తప్పయితే నాది. ఆ యమ్మిని ఏమీ అనొద్దండి."

ఆ ఇళ్లు తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. నీళ్లు పోసుకోకుండా మగ్గం గుంతలో కాలు పెట్టరు. మైల తగిలితే మగ్గాన్ని ముట్టరు. ఎవరో కూర్చోబెట్టి నేర్పే సంగతి కాదు అది. మెట్టినింటికి వచ్చిన రోజు నుంచీ కోడలు చూసి నేర్చుకుంటుంది. ఓబులమ్మకు కోడలి మీద కోపం లేదు, మగ్గం మీద భయం ఉంది. అంతే.

మా ఎస్ఐ నాకంటే చాలా చిన్నవాడు. చెడ్డవాడని అనను. పని చేసేవాడే. కానీ కేసు అనగానే ఇది కోర్టులో నిలబడుతుందా లేదా అని ముందు లెక్కవేసుకునే రకం. నిలబడదనిపిస్తే చేతికి మట్టి అంటనివ్వడు. స్టేట్‌మెంట్ చదివి, బట్టల సంచి వైపు చూసి, పెదవి విరిచాడు.

"నీళ్లు పోసుకునేసిందంట కదా సరోజమ్మా. ఇంగేముంది? అంతా కొట్టుకుపోయింటాది. ఆస్పత్రికి పంపినా దండగే."

"దండగో కాదో ల్యాబ్‌వాళ్లు చెప్పల్ల సార్. మనం కాదు."

"వాళ్లు 'నిల్' అని రాసి పంపిస్తారు. ఆ కాగితం పట్టుకోని ముద్దాయి లాయరు ఎగురుతాడు. దానికన్నా పంపకపోవడమే మేలు."

ఈ మాట నేను అప్పటికే ఎన్నో స్టేషన్లలో విన్నాను. నిల్ వస్తుందేమోనని పంపరు. పంపలేదు కాబట్టి ఆధారం లేదంటారు. ఆధారం లేదు కాబట్టి 'మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్' అని రాసి కేసు మూసేస్తారు. అంటే ఫిర్యాదులో చెప్పినది జరగనే లేదని తేల్చడం. ఆ మాట ఊళ్లోకి వెళ్లేసరికి 'ఆ పిల్ల అబద్ధం చెప్పింది' అని మారుతుంది. అబద్ధాలకోరు అనిపించుకున్న ఆడమనిషికి ఆ చుట్టుపక్కల ఏ షావుకారూ పట్టు ఇవ్వడు. నాగవేణి అవతల గదిలో కూర్చుని ఉంది. తలుపు ఓరగా ఉంది. ఆమె అన్నీ వింటోంది.

నాకు ఒళ్లు మండింది. "సార్, నీళ్లు పోసుకుంటే కేసు లేదంటే ఈ జిల్లాలో శుభ్రంగా ఉండే ఏ ఆడదానికీ కేసు ఉండదు," అన్నాను. ఆయన నవ్వాలో కోప్పడాలో తెలియక ఫైలు మూశాడు.

అంతకు కొద్దిరోజుల ముందే నేను ఒక ట్రైనింగ్‌కి వెళ్లొచ్చాను. ల్యాబ్‌లో పనిచేసే ఒక మేడం మాకు క్లాసు చెప్పింది. స్నానం చేసినా లోపలి నుంచి తీసే స్వాబ్‌లో, అంటే దూదిపుల్లతో తీసే నమూనాలో, కొన్ని రోజుల వరకూ మగవాడి డీఎన్ఏ దొరకవచ్చని చెప్పింది. ఉతికిన బట్టల్లో కూడా దొరికిన సందర్భాలున్నాయంది. దొరికే తీరుతుందని కాదు, దొరకదని ముందే అనుకోవద్దని. ఆ క్లాసుకి మా జిల్లా నుంచి మగ ఆఫీసర్లూ వచ్చారు. టీ బాగుందని చెప్పుకుంటూ బస్సెక్కారు.

నాగవేణిని జీపులో ఎక్కించుకుని ఆస్పత్రికి వెళ్లాను. ఇలాంటి సమాచారం అందాక ఇరవై నాలుగు గంటల్లోపు వైద్య పరీక్షకు పంపాలని చట్టమే చెబుతోంది. మా సార్ దయ అక్కర్లేదు. డాక్టరమ్మ అన్నీ వివరించి, ఒప్పుకుంటేనే పరీక్ష చేస్తానంది. నాగవేణి నా వైపు చూసింది.

"మేడం, సార్ నేను అబద్ధం చెప్తాండానని అనుకుంటాండాడా?"

"సార్ ఏమనుకుంటే నీకేమి? నువ్వు చెప్పేది చెప్పినావు. ఇంగ నా పని నేను చేస్తా."

ఆమె తలూపి లోపలికి వెళ్లింది.

స్వాబ్‌లు పూర్తిగా ఆరాకే సీల్ చేయమని డాక్టరమ్మను అడిగి, అవి ఆరేదాకా ఉండి, మధ్యాహ్నానికి స్టేషన్‌కి తిరిగొచ్చాను. వచ్చేసరికి స్టేషన్ రాతపని చూసే మా రైటర్ కొవ్వొత్తి మీద లక్క కరిగిస్తున్నాడు. టేబుల్ మీద ఒక ప్లాస్టిక్ కవరు. అందులో ఆ తడిబట్టలు మూడూ కలిపి కుక్కి ఉన్నాయి. కవరు లోపలివైపు అప్పుడే చెమట పట్టింది.

"ఆపప్పా! ఏం చేస్తాండావు?"

"సీలు వేస్తాండా మేడం. ఎప్పుడూ ఇట్లే కదా చేసేది?"

అదే కదా బాధ. ఎప్పుడూ ఇట్లే చేసేది. కత్తయినా కవర్లోనే, సారా సీసా అయినా కవర్లోనే, తడిసిన బట్టయినా కవర్లోనే. లక్క ముద్ర గట్టిగా పడిందా లేదా అన్నదే చూస్తారు. మా ఎండల్లో తడిబట్టను ప్లాస్టిక్‌లో మూసిపెడితే బూజు పట్టి, అందులోని డీఎన్ఏ అంతా పాడైపోతుంది. ల్యాబ్‌కి చేరేసరికి మిగిలేది వాసనే. తర్వాత 'నిల్' వస్తుంది. అప్పుడు అందరూ కలిసి ఆడపిల్లను అనుమానిస్తారు.

"వీటిని ఆరేయల్ల," అన్నాను.

రైటర్ నోరు తెరిచాడు. "స్టేషన్లోనా? లంగానా?"

"ఇది ఈ కేసులో సాక్షి. దీని పేరు రాయాలంటే నీకు సిగ్గయితే ఆ పేరు నేనే రాసుకుంటాలే."

పంచనామాకు సాక్షులుగా ఇద్దరు మధ్యవర్తులను పిలిపించి, బట్టలు ఏ స్థితిలో ఉన్నాయో, ఎందుకు ఆరబెడుతున్నామో వాళ్ల ముందే రాయించాను. రికార్డులు పెట్టే గది ఖాళీ చేయించి ఊడ్పించాను. కొత్త తాడు తెప్పించాను. చేతికి గ్లౌజులు, మూతికి మాస్కు. ఒకదానికొకటి తగలకుండా మూడింటినీ దూరం దూరంగా వేసి, కింద రాలేది పోకుండా ఒక్కోదాని కింద కొత్త తెల్లకాగితం పరిచాను. ఎండ తగలకుండా కిటికీ రెక్కలు మూశాను. ఫ్యాను ఆపేశాను. తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకుని, గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

స్టేషన్లో లంగా ఆరేసిన సంగతి నిమిషాల్లో ఊరంతా పాకింది. మొగుడూపెళ్లాల తగాదాలు, గడ్డపారలు, రక్తపు చొక్కాలు చూసి అదరని మా కానిస్టేబుళ్లు ఆ గది ముందు నుంచి నడవాలంటే తల పక్కకు తిప్పుకున్నారు. నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. ఒక తెల్ల లంగాకు ఇంత జడిసేవాళ్లు ఆ పిల్ల చెప్పేది ఎట్లా వింటారు?

సాయంత్రానికి షావుకారు ఊరి పెద్దల్ని నలుగుర్ని వెంటేసుకుని రాజీకి వచ్చాడు. ఎస్ఐ టీ తెప్పించాడు. షావుకారు నా కుర్చీ దగ్గర ఆగి, మూసిన తలుపు వైపు చూసి, గొంతు పెంచాడు.

"ఏమ్మా, ఇది పోలీసు స్టేషనా, చాకిరేవా? ఊరి పరువు తాడు మీద ఆరేసినావే!"

"ఊరి పరువు మీ గోడౌన్లోనే పోయింది అన్నా. ఈడ ఆరేది గుడ్డ."

"మావోడు ఆ పొద్దు ఊర్లోనే లేడు. కదిరికి పోయినాడు. కావాలంటే సాక్షుల్ని తెస్తాం."

"వాడు ఊర్లో లేకుంటే మీకేం భయం? గమ్మున ఇంటికి పోండి."

ఎస్ఐ నన్ను లోపలికి పిలిచాడు. పైనుంచి ఫోన్లు వస్తున్నాయని, ఇదంతా చేసి చివరికి రిపోర్టు పనికిరాకపోతే జవాబు నేనే చెప్పాలని అన్నాడు. చెబుతానన్నాను. రాసివ్వమంటే రాసిస్తానన్నాను. ఆయన రాసివ్వమనలేదు. ఏమైనా, ఆ కేసు ల్యాబ్‌కి వెళ్లడానికి కావలసిన సంతకం ఆయనే పెట్టాడు. అది కూడా చెప్పకపోతే నాది అన్యాయం అవుతుంది.

బట్టలు బాగా ఆరాక ఒక్కోదాన్ని విడిగా కొత్త కాగితంలో చుట్టి, కాగితపు కవర్లలో పెట్టి, అప్పుడు సీల్ వేశాం. పంపేముందు ల్యాబ్ మేడంకి ఫోన్ చేశాను.

"మీవాళ్లు ఎప్పుడూ వీర్యం ఉందా లేదా అని ఒక్క ముక్కే అడుగుతారు. మేం ఉందనో లేదనో ఒక్క ముక్కే రాస్తాం," అంది ఆమె. "డీఎన్ఏ పోల్చమని అడగండి. నీళ్లు పోశారన్న సంగతి దాచకుండా రాయండి. ఇంకోటి, పోల్చడానికి రిఫరెన్స్ శాంపిల్స్ కావాలి. ముద్దాయి రక్తం, భర్త రక్తం."

రిఫరెన్స్ శాంపిల్ అంటే ఎవరిదో తెలిసిన నమూనా. బట్ట మీద దొరికినదాన్ని దేనితో పోల్చాలో అది లేకపోతే ఎంత మంచి ల్యాబ్ అయినా చేయగలిగిందేమీ లేదు.

ముద్దాయిది తేలిగ్గానే అయింది. అరెస్టు చేసి ఆస్పత్రికి తీసుకెళ్లాక శ్రీధర్ చొక్కా చేతిని కిందికి లాక్కుని, "నా రక్తం ఏంటికి ఇయ్యల్ల?" అని ఎగిరాడు. చట్ట ప్రకారం తీయవచ్చని డాక్టర్ చెప్పాడు. "నువ్వు కదిరిలో ఉండినావు కదప్పా, నీ రక్తానికి ఏం భయం?" అని నేనన్నాను. చెయ్యి చాపాడు.

కష్టమైంది నాగవేణి భర్త ఆంజనేయులుతో. అతను భార్యను ఇంట్లోంచి పొమ్మనలేదు, దగ్గరికీ తీయలేదు. రెండు వారాలుగా ఆమెతో మాట్లాడకుండా వేరే మగ్గాల దగ్గర పని వెతుక్కుంటూ తిరుగుతున్నాడు. వీళ్ల పేరు చెప్పగానే ఎవరూ పని ఇవ్వడం లేదు. ఆస్పత్రికి పిలిపించి రక్తం సంగతి చెప్పగానే అతని ముఖం ఎర్రబడింది.

"నా రక్తం తీసేదానికి నేనేం తప్పు చేసినాను మేడం? వానిది తీసుకుంటిరి కదా. నన్నూ వాని పక్కన నిలబెడతారా?"

"నిన్ను వాని పక్కన నిలబెట్టేదానికి కాదు నాయనా. నీ పెండ్లాం బట్టల మీద నీ గుర్తులుండేది సహజం. రేపు కోర్టులో వాని లాయరు లేచి, అది మొగునిదే అంటాడు. నీ రక్తం ఉంటే ఆ నోరు మూత పడతాది. ఇయ్యనని నువ్వంటే నేను బలవంతం చెయ్యను. అప్పుడు ఆ యమ్మి ఒక్కతే పోరాడల్ల."

నాగవేణి కాస్త దూరంలో బెంచీ మీద ఓబులమ్మ పక్కన కూర్చుని నేల చూస్తోంది. అతను ఆమె వైపు చూశాడు. చొక్కా చేతిని మోచేతి పైదాకా మడిచి, నర్సు ముందు కూర్చుని, "తీసుకోండి, ఎంత కావాలన్నా తీసుకోండి," అన్నాడు. ఆ మాటకి నాగవేణి ఆ రోజుల్లో మొదటిసారి పెద్దగా ఏడ్చింది. నాకూ కళ్లు తడిశాయి, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ముగ్గురూ ఆటోలో కలిసి ఇంటికి వెళ్లారు.

రిపోర్టు రావడానికి నెలలు పట్టింది. ఆ నెలల్లో శ్రీధర్ బెయిల్ మీద బయటికొచ్చాడు. ఘటన రోజు తాను కదిరిలోనే ఉన్నానని, ఆ అమ్మాయి ముఖం కూడా సరిగా తెలియదని బెయిల్ పిటిషన్‌లో రాసుకున్నాడు. నన్ను ఆ స్టేషన్ నుంచి మార్చి బందోబస్తు డ్యూటీలకు వేశారు. హైవే మీద ఎండలో నిలబడి లారీలకు చెయ్యూపాను. శిక్ష అనుకున్నారేమో తెలియదు. నాకైతే ఆకలి బాగా వేసేది, అంతే. నాగవేణి మగ్గం మాత్రం ఖాళీగా ఉండిపోయింది. ఆమె వేరుశనక్కాయలు వలిచే కూలికి వెళ్లింది. పట్టు పట్టిన వేళ్లకు అది ఎంత చిన్నతనమో ఆ ఇళ్లలో పుట్టినవాళ్లకే తెలుస్తుంది.

రిపోర్టు వచ్చింది. స్వాబ్‌లలో తేల్చి చెప్పేంత దొరకలేదు. లంగా మీద దొరికింది. మగవాడి డీఎన్ఏ ప్రొఫైల్, అంటే ఆ మనిషిని గుర్తుపట్టే వరుస. అది భర్తది కాదు. శ్రీధర్‌ది. ఎస్ఐ నాకు ఫోన్ చేసి, "సరోజమ్మా, వచ్చింది," అని మాత్రం అన్నాడు. ఆ గొంతులో సంతోషమే ఉంది. నేను రోడ్డు పక్కన కంకరరాళ్ల మీద కూర్చుండిపోయాను.

ఒక్క కాగితంతో కదిరిలో ఉన్న మనిషి మా ఊరికి వచ్చేశాడు. కోర్టులో కొత్త పాట ఎత్తుకున్నాడు. ఆమే ఇష్టపడి వచ్చిందట. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. డీఎన్ఏ ఎవరో చెబుతుంది, ఆమె ఒప్పుకుందో లేదో చెప్పదు. అది ఆమె నోటి నుంచే రావాలి, కోర్టు ఆమెను నమ్మాలి. అయితే ముఖమే తెలియదన్నవాడు ఇష్టపడి వచ్చిందంటే, జడ్జిగారి ముందు రెండు కథలు ఉన్నట్టు. అవి రెండూ ఒకే నోటి నుంచి వచ్చినవి.

డిఫెన్స్ లాయరు ఆఖరికి నీళ్ల మీద పడ్డాడు. బలాత్కారం జరిగిన ఆడది ఆధారాలు ఎందుకు కడిగేసుకుంటుంది, దాచాల్సింది ఉంది కాబట్టే కదా అని ఓబులమ్మను నిలదీశాడు. నేను అప్పటికే సాక్ష్యం చెప్పేసి, జడ్జిగారి అనుమతితో వెనక బెంచీలో ఉన్నాను. ఓబులమ్మ బోనులో కొంగు సర్దుకుంది.

"కడిగింది నేను సామీ. మా ఇంట్లో మగ్గముండాది. దానికి మైల తగలకూడదు. నేను కడిగింది మా కోడలి మైల కాదు, వాని మైల. వాడు ముట్టింటే కదా కడగాల్సొచ్చింది?"

లాయరు కాగితాలు తిరగేసి ఇంకో ప్రశ్నకు వెళ్లిపోయాడు.

శిక్ష పడింది. అప్పీలుకి వెళ్లారు, వెళ్లనీ. తీర్పు రోజు నేను సెలవు పెట్టుకుని వెళ్లాను. ఇప్పుడు మా దగ్గర ట్రైనింగుల్లో కొత్తవాళ్లకు తడిబట్టలు ఎట్లా ఆరబెట్టాలో, ఏమి అడిగి పంపాలో, ఎవరెవరి రక్తం కావాలో నేనే చెబుతున్నాను. విసుక్కున్నా చెబుతాను. ఒక్కటి మాత్రం ఆ ల్యాబ్ మేడం క్లాసులో లేదు. అది నాగవేణి నేర్పింది.

కోర్టు మెట్ల మీద ఆమె చేతులు పట్టుకుని, "గెలిచినావు కదమ్మా," అన్నాను. ఆమె నవ్వలేదు. మొహమాటం లేకుండా నా కళ్లలోకి చూసింది.

"మేడం, మొదటి దినమే మీకంతా చెప్పినాను. అందులో ఒక్క మాటన్నా మారిందా?"

"లేదమ్మా."

"మరి వాని రక్తం వచ్చి సాక్ష్యం చెప్పేదాకా నా మాట ఏంటికి మాట కాలేదు?"

ఇప్పుడు ప్రతి బ్యాచ్‌కీ క్లాసు మొదలుపెట్టేముందు, గ్లౌజులూ కవర్లూ బయటికి తీయకముందే, ఈ ప్రశ్న బోర్డు మీద రాస్తాను. దీనికి జవాబు చెప్పలేనివాళ్లను స్వాబ్ పుల్ల ముట్టనివ్వను.